పచ్చి టేపు

మీరిప్పుడు ఫోనులో పాడి, ఫోనులోనే కోసి అతికించి, సాయంత్రానికల్లా పాటను ప్రపంచం మీదికి వదిలేస్తున్నారు. సంతోషం. కంపెనీవాడి గుమ్మం ముందు చెప్పులు అరగదీసుకునే ఖర్మ మీకు లేదు. ఆ ఖర్మను దగ్గరుండి చూసినవాణ్ణి గనక చెబుతున్నాను, మీరు అదృష్టవంతులు. అయితే ఒక్క పాట గురించి మీకు చెప్పాలి. అది నెట్‌లో దొరకదు. ఎక్కడా దొరకదు. దాన్ని తుడిచేసింది నేనే.

నాది హైదరాబాద్ అంచున ఉన్న బుద్వేల్. చదువు అబ్బలేదు. ఇరవై ఏళ్ళ వయసులో నగరంలో ఒక కేసెట్ల కంపెనీలో రికార్డింగు గదికి చేరాను. మొదట వైర్లు చుట్టాను, తర్వాత మైకులు పెట్టాను, ఆ తర్వాత మీటలు ముట్టుకోనిచ్చారు. అక్కడి పెద్ద రికార్డిస్టు కోస్తా నుంచి వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, చెవి మీద ఎర్ర పెన్సిలు. పాటలో తప్పు పడితే గాయకుణ్ణి తిట్టేవాడు కాదు. నన్ను తిట్టేవాడు, గాయకుడికి వినబడేలా. నాకు తెలిసిన పని అంతా ఆయన పెట్టిన భిక్ష. నా పాపంలో కూడా ఆయనకు కొంత వాటా ఉంది, కానీ ఆయన లేడు, అడగడానికి వీల్లేదు.

గొంతు, ఢోలక్, హార్మోనియం, కోరస్, ఇలా దేనికది విడిగా ఎక్కించిన మొదటి టేపును మేము పచ్చి టేపు అనేవాళ్ళం. వాటన్నిటినీ సమంగా కలిపి తయారు చేసేది మాస్టరు. మాస్టరు విని పాడినవాళ్ళు బాగుందన్నారా, ఇక పచ్చి టేపుకు కాలం చెల్లినట్టే. ఇస్త్రీపెట్టెలా ఉండే అయస్కాంతం ఒకటి ఉండేది. పెద్దాయన స్వయంగా దాన్ని టేపు చుట్ట మీద మూడుసార్లు తిప్పి, డబ్బా మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టేవాడు. మర్నాడు అదే టేపు మీద ఇంకొకరి పాట.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు సార్, జర కొన్ని రోజులు ఉంచితే ఏమైతది?"

"ఉంచావనుకో, రేపు పొద్దున్నే వచ్చేసి రెండో చరణం మళ్ళీ పాడతానంటాడయ్యా. ఎల్లుండి ఢోలక్‌వాడు వస్తాడు, నాది సరిగ్గా వినబళ్ళేదంటాడు. ఇంక కేసెట్టు ఎప్పుడేస్తాం? బాగుందన్నాక వెనక్కి చూడకూడదు. తుడిచేసెయ్యాలి. అదీ పనివాడి లక్షణం."

టేపు ఖరీదైన సరుకు కాబట్టి తుడిచేవాళ్ళం. దానికి ఆయన పనివాడి లక్షణం అని పేరు పెట్టాడు. నేను దాన్ని గుండెలో పెట్టుకున్నాను. ఆ తర్వాత కేసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి, కంపెనీ కూడా తలుపులు మూసుకుంది. టేపు లేదు, అయస్కాంతం లేదు. కంప్యూటర్‌లో వెయ్యి పాటలు పెట్టినా ఇంకా జాగా మిగులుతుంది. అయినా మాస్టరు ఒప్పుకున్న రోజునే పచ్చి ఫైళ్ళ పెట్టె తెరిచి, అన్నీ ఎంచి, మళ్ళీ దొరక్కుండా తుడిచి, గోడ మీది క్యాలెండర్లో ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టేవాణ్ణి. ఎర్ర పెన్సిలు కోసం స్టేషనరీ దుకాణానికి వెళ్ళి మరీ కొనుక్కునేవాణ్ణి. నవ్వుకోండి, పర్వాలేదు.

కంపెనీ మూతపడ్డాక శంషాబాద్‌లో ఒక పరుపుల దుకాణం వెనక గది కిరాయికి తీసుకున్నాను. పరుపుల దుకాణం అని ఊరికే ఎంచుకోలేదు. అమ్ముడుపోని పరుపులు గోడలకు నిలబెడితే బయటి చప్పుడు ఆగుతుందని నా లెక్క. లారీల హారన్లు ఆగాయి, దూదేకే మిషన్ ఆగింది, విమానం మాత్రం ఆగలేదు. నెత్తిమీద నుంచి పోతూ ఉండేది. రాత్రి పూట రికార్డు చేద్దామంటే రాత్రి విమానాలు ఇంకా ఎక్కువ. చివరికి వాటితోనే సంసారం చేయడం నేర్చుకున్నాను. దిగేదానికి ఒక చప్పుడు, ఎక్కేదానికి ఒక చప్పుడు. నేను అద్దం వెనక నుంచి వేలెత్తితే లోపల పాడేవాళ్ళు ఆగాలి, వేలు దించితే మొదలుపెట్టాలి.

ఆ గదిలో మొదట్లో నేను రికార్డు చేసినవి ప్లాట్ల ప్రకటనలు, ఆటోలో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్ళ మైకు మాటలు. తర్వాత నెట్ వచ్చింది. సొంతంగా పాట చేసుకుని, బొమ్మ పెట్టి, పేర్లు నింపి ఒక వెబ్‌సైటుకు ఎక్కిస్తే, వాళ్ళే పాటలు వినే యాప్‌లన్నిటికీ పంపిస్తారు. నా గది గోడ మీద రాయించాను: కంపెనీ లేదు, మధ్యవర్తి లేదు, మీ పాట మీదే. గగన్‌పహాడ్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు వచ్చారు, కొత్వాల్‌గూడ భజన బృందం వచ్చింది. నేను వాళ్ళందరికీ ఒకటే ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి, కంపెనీల అన్యాయం గురించి. నేను ఆ అన్యాయంలో ముప్పై ఏళ్ళు జీతం తీసుకున్న సంగతి చెప్పేవాణ్ణి కాదు.

ఆపా వచ్చింది అలాంటి రోజుల్లోనే. అందరూ ఆమెను ఆపా అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే. వయసులో నాకన్నా పది పన్నెండేళ్ళు చిన్నది. శంషాబాద్ పాత గల్లీలో ఇల్లు, భర్త లేడు, ఒక్క కూతురు. ఆ అమ్మాయి ఎయిర్‌పోర్టు లోపల ఒక దుకాణంలో పనిచేస్తుంది. ఆపా పెళ్ళిళ్ళలో పాడేది. మీకు తెలియకపోతే చెబుతాను. మన దగ్గర ముసల్మాన్ల ఇళ్ళల్లో పెళ్ళికి ముందు పిల్లకు పసుపు రాసే మాంఝా రోజున ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఢోలక్ పాటలు పాడతారు. ఒకామె ఢోలక్ వాయిస్తుంటే, పక్కనామె చెంచాతో ఆ ఢోలక్ చెక్క మీద టకటకమని కొడుతుంది. పాటంతా వియ్యాలవారి మీద ఎకసెక్కాలే. అసలు విద్య ఎక్కడుందంటే, ఆ పాటలో పెళ్ళిపిల్ల పేరు, పిల్లవాడి తల్లి పేరు, మేనత్త పేరు అప్పటికప్పుడు ఇరికించాలి. తాళం తప్పకూడదు, ప్రాస తప్పకూడదు, ఎవరికీ మరీ కోపం రాకూడదు. అందులో ఆపాకు సాటి లేరని మా పరుపుల దుకాణమాయన చెప్పేవాడు. ఆయన పెళ్ళిలో ఆయన తల్లిని ఏడిపించి పెట్టిందట.

ఆమె ఒంటరిగా వచ్చి, కుర్చీలో కూర్చుని, గోడ మీది రాత చదివించుకుంది. ఆమెకు తెలుగు మాటలు బాగా వచ్చు, చదవడం రాదు. చదువుకున్నది ఉర్దూ బడిలో.

"మీ పాట మీదే అని రాసినవా? మంచిగున్నది. నా గొంతు నాది గాదంట భాయ్," అంది.

"అంటే?"

"పెద్ద దవాఖానకు పోయిన. గొంతుల గడ్డ ఉన్నదంట, ఖరాబ్ గడ్డ. గొంతుపెట్టె మొత్తం తీసేస్తరంట. ఇంక మూడు వారాలున్నది. గంతల్నే నా పాటలు తియ్యాలె."

నేను బల్ల మీది వైరు చుట్టడం మొదలుపెట్టాను. ఆమే నవ్వింది. "నువ్వెందుకు చుప్ అయితవ్? చుప్ అయ్యేది నేను గదా."

ఆమె గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. రోజుకు అరగంటకు మించి పాడలేకపోయేది. ఆమె చెల్లెలు ఢోలక్, ఆపా చేతిలో చెంచా. నేను వేలెత్తడం, వాళ్ళు ఆగడం, విమానం పోవడం, మళ్ళీ మొదలు. మూడోరోజుకు ఆపా ఆ విమానాలను కూడా పాటలో పెట్టేసింది. 'సమ్‌ధన్ ఆయీ ఉడ్‌కే, చప్పల్ ఘర్ పే ఛోడ్‌కే.' వియ్యపురాలు ఎగిరొచ్చింది, చెప్పులు ఇంట్లోనే వదిలొచ్చింది. అది పాడి ఆమె అద్దంలోంచి నా వైపు వేలెత్తి, నన్నే ఆగమంది. గదిలో ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వాక ఆమెకు దగ్గు తెర వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు ఇంక పాడలేదు.

పాటల్లో పేర్లు తీసేయమన్నది నేనే. "నెట్ల పెడ్తున్నం ఆపా, దునియా అంత వింటది. ఎవరి పేరు పెడితే మిగిలినోళ్ళకు పనికిరాదు. పేరు ఉండే తాన 'దుల్హన్' అను, 'సమ్‌ధన్' అను, చాలు." ఆమెకు నచ్చలేదు. పేరు లేని పాట ఏం పాట అంది. అయినా నేను పని తెలిసినవాణ్ణని ఒప్పుకుంది. అలా ఎనిమిది పాటలు ఎక్కించాం.

చివరి రోజు చెల్లెలికి జ్వరం. ఆపా ఒక్కతే ఢోలక్ సంచిలో వేసుకుని వచ్చింది.

"ఇంకొక పాట ఉన్నది భాయ్. ఇది నెట్ల వద్దు."

"మరి?"

"బిడ్డ షాదీకి. సంబంధం ఖాయమైంది. మాంఝా నాటికి నేను పాడలేను గద. ఎవరి బిడ్డ మాంఝాకో గొంతు చించుకున్న, నా బిడ్డకు చెంచా కొట్టుకుంట కూసోవాల్నా? ఇది నువ్వు తీసిపెట్టు. ఆ రోజు ఫోన్ల పెట్టి ఒక్కసారి వినిపిస్త. బిడ్డకు చెప్పకు. నా చెల్లెకు చెప్పకు. దానికి నోట్ల నువ్వు గింజ నానదు."

ఢోలక్ తనే ఒళ్ళో పెట్టుకుంది. చెంచా కొట్టడానికి మూడో చెయ్యి లేదు గనక వేలి ఉంగరంతో చెక్క మీద కొట్టింది. కూతురి పేరు పాటలో పదకొండుసార్లు వచ్చింది, నాకు గుర్తుంది. అల్లుడి పేరు, వియ్యపురాలి పేరు, వాళ్ళ ఊరు, వాళ్ళ మేక, అన్నీ వచ్చాయి. నడిమధ్య ఎకసెక్కం ఆగిపోయి, ఒక్క చరణం మాత్రం బిడ్డతో మాట్లాడినట్టు పాడింది. ఆ చరణంలో గొంతు రెండుచోట్ల తెగింది. పైన విమానం పోతోంది. నేను వేలెత్తలేదు. నా ఉద్యోగ జీవితంలో విమానం పోతుంటే వేలెత్తనిది ఆ ఒక్కసారే.

అయిపోయాక ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. "ఇండ్ల వెయ్యి భాయ్, ఉంచుకుంట."

ఇక్కడే నాలోని పెద్ద రికార్డిస్టు లేచి కూర్చున్నాడు. పచ్చిది బయటికి ఇవ్వడం మా వృత్తిలో లేదు. బట్టలు కుట్టేవాడు పైపైన టాకాలు వేసిన చొక్కా ఇస్తాడా? "ఇది పచ్చిది ఆపా. జర సాఫ్ చేసి, మంచిగ చేసి, షాదీకి ముందే పెన్‌డ్రైవ్‌ల ఇస్త. పరేషాన్ గాకు."

"సరే తీ. నీకు ఎరుకుంటది," అని ఫోను సంచిలో వేసుకుంది.

తర్వాత ఎనిమిది పాటలనూ కలపడానికి కూర్చున్నాను. చెల్లెలి ఢోలక్ నాకు పల్చగా అనిపించింది. ఆ చెంచా చప్పుడు చెవిలో గుచ్చుకుంటోందనిపించింది. బజారులో నిలబడే పాట కావాలని నా పట్టుదల. నెట్‌లో ఉచితమని రాసి ఉన్న ఒక ఢోలక్ దరువు దొరికింది, భలే నిండుగా ఉంది. అసలు ఢోలక్‌ను, చెంచాను తీసేసి ఎనిమిది పాటలకూ ఆ దరువే పరిచాను. బొంగురును కూడా వీలైనంత తోమాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆపరేషన్‌కు ముందురోజు దవాఖానకు వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చుని, చెవుల్లో పెట్టి వినిపించాను. ఆమె కళ్ళు మూసుకుని ఎనిమిదీ విన్నది.

"ఢోలక్ మాది గాదు గద భాయ్?"

"జర నిండుగ ఉండాలె గద ఆపా. పెద్ద పెద్దోళ్ళ పాటల పక్కన నిలబడాలె."

ఆమె చెవుల్లోంచి వైర్లు తీసి నా ఒళ్ళో పెట్టింది. తర్వాత నా చేతి మీద తట్టి "బాగుంది" అంది. ఆమె నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అది. నాకోసం అన్నదని అప్పుడే తెలుసు.

బాగుంది అన్నారు కదా. శంషాబాద్‌కు వచ్చాను, గది తాళం తీశాను, పాటలు వెబ్‌సైటుకు ఎక్కించాను. పచ్చి ఫైళ్ళ పెట్టె తెరిచాను, అన్నీ ఎంచాను, తుడిచాను. క్యాలెండర్ మీద ఎర్ర అడ్డగీత. ఆ పెట్టెలో తొమ్మిదోది ఉందని నాకు తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు. మెదడుకు పనివ్వకుండా చెయ్యి చేసే పనులుంటాయి, ఇంటికి తాళం వేసినట్టు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని చెయ్యి తనంతట తానే చేసుకుపోయింది.

రెండు నెలలపాటు నాకు ఏ దిగులూ లేదు. ఆపరేషన్ బాగా జరిగింది, ఆమె ఇంటికి వచ్చింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద గుడ్డ. మాట పూర్తిగా పోయింది. పిల్లలు ఆడుకునే ఎలక్ట్రానిక్ పలక ఒకటి కూతురు కొనిచ్చింది. పుల్లతో రాస్తే అక్షరాలు పచ్చగా పడతాయి, కింద బటన్ నొక్కితే మొత్తం మాయమవుతుంది. ఆమె ఉర్దూలో రాసేది, కూతురో చెల్లెలో నాకు చదివి వినిపించేవాళ్ళు. పాటలు నెట్‌లో ఉన్నాయి. దుబాయిలో ఎవరో పెళ్ళిలో పెట్టుకున్నారట, జహీరాబాద్‌లో ఎవరో డ్యాన్సు చేశారట. కూతురు ఎయిర్‌పోర్టు దుకాణంలో తోటివాళ్ళకు వినిపించి మా అమ్మీ అని చెప్పుకునేదట. ఆపా నన్ను చూసినప్పుడల్లా వేళ్ళతో చిన్నగా ఢోలక్ కొట్టినట్టు చూపించేది. నా పాట ఎప్పుడిస్తావ్ అని. నేను రెండు వేళ్ళు చూపించి, రెండు రోజుల్లో అనేవాణ్ణి. నాకు ఎప్పుడూ ఏదో ఒక ప్లాట్ల ప్రకటన అడ్డం వచ్చేది. మాంఝాకు ఇంకా టైముందిలే అనుకున్నాను.

మాంఝా నాలుగు రోజులుందనగా వెబ్‌సైటు నుంచి కాగితం వచ్చింది, అంటే మెయిలు. ఈ ఎనిమిది పాటల్లోని సంగీతం వేరొకరిది, అందుకని తీసేశాం, మీదే అయితే మూల రికార్డింగులు పంపండి అని. నేను పరిచిన ఆ ఉచిత దరువును ఇంకెవరో తమ పాటలో వాడుకుని, తమ పేర నమోదు చేసుకున్నారట. పోల్చి చూసే యంత్రానికి దరువు కలిసింది. యంత్రానికి ఆపా ఎవరో, ఆమె గొంతు ఏమైందో ఏం తెలుసు? మనిషితో మాట్లాడదామంటే ఫోను నంబరు లేదు. ఎన్నిసార్లు రాసినా అదే జవాబు, అవే అక్షరాలు, ఆఖర్న అదే ధన్యవాదాలు. మా కేసెట్ల కంపెనీ యజమాని ఎంత దుర్మార్గుడైనా, గుమ్మం ముందు నిలబడి అరిస్తే కనీసం కిటికీ తీసి తిట్టేవాడు.

మూల రికార్డింగులే కదా, ఆ దరువు తీసేసి చెల్లెలి ఢోలక్ పెట్టి పంపిద్దాం, ఇంకా మంచిదయింది అనుకుంటూ పెట్టె తెరిచాను. ఖాళీ.

పోయింది ఆ ఎనిమిది పాటల మూలాలు మాత్రమే కాదు. ఖాళీ తెర చూస్తుంటే మెల్లగా తొమ్మిదోది గుర్తొచ్చింది. తలెత్తితే క్యాలెండర్ మీద ఎర్ర గీత. నా చేత్తో కొట్టిన గీత.

డిస్కు పట్టుకుని నగరమంతా తిరిగాను. పోయిన ఫైళ్ళు వెతికి తీసే దుకాణాయన ఒకరు పొద్దంతా తంటాలు పడి, చివరికి నా వైపు జాలిగా చూశాడు. "దీని మీద మళ్ళ చాన రికార్డు చేసినవ్ గద అన్నా. మీదికెళ్ళి రాసినంక కిందిది రాదు." ఆయన పట్టుకోగలిగిన ముక్క ఏదో ఉందంటే చెవిలో పెట్టుకున్నాను. నా గొంతే. ఔటర్ రింగు రోడ్డుకు ఐదు నిమిషాల దూరంలో ప్లాట్లు, అన్ని అనుమతులతో, నేడే సంప్రదించండి.

మాంఝా రోజు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పకుండా తప్పించుకుందామా అని దారిపొడుగునా అనుకున్న మాట నిజం. లోపల చుట్టాలు, పసుపు వాసన, పిల్లల గోల. ఆపా నన్ను చూసి గబగబా వసారా మూలకు వచ్చింది. పసుపు చీర కట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. చెయ్యి చాపింది.

"ఆపా," అన్నాను. "పాట లేదు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెయ్యి చాపింది.

"తుడిచేసిన. పచ్చిటి అన్ని తుడిచిన ఆ దినం. అండ్ల అది గూడ పోయింది. నా చేతులతోనే పోగొట్టిన. ఎక్కడ లేదు ఆపా. మాఫ్ చెయ్యి."

ఆమె చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. నేను ఏడుస్తున్నాను, అరవైరెండేళ్ళ మనిషిని, పక్కన చెప్పుల గుట్ట. ఆమె ఏడవలేదు. నోరు తెరిచింది. అలవాటు కదా, మాట కోసం తెరిచింది. మెడ కింది గుడ్డ ఒక్కసారి ఎగిరి పడింది, గాలి మాత్రం వచ్చింది. అప్పుడు పలక తీసి రాయడం మొదలుపెట్టింది. వేగంగా, పుల్ల విరుగుతుందేమో అన్నంత గట్టిగా, కుడి నుంచి ఎడమకు, ఒక వరుస, ఇంకో వరుస, మూడో వరుస. రాసి నా మొహం ముందు పెట్టింది.

నాకు ఉర్దూ చదవడం రాదు. పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, సగం మాటలు ఉర్దూవే మాట్లాడతాను. ఒక్క అక్షరం రాదు. పలక వంక చూస్తూ నిలబడ్డాను. తిట్టిందో, క్షమించిందో, ఆ పాటలో చరణమే రాసిందో. నా మొహం చూశాక ఆమెకు ఆ సంగతి గుర్తొచ్చింది. చదివి చెప్పేవాళ్ళు లోపల ఉన్నారు, కానీ పాట సంగతి తెలిసింది మా ఇద్దరికే. అంతలో కూతురు పసుపు మొహంతో గడపలోకి వచ్చింది. "అమ్మీ, అంకుల్‌ను బయటనే నిలబెట్టినవేంది? ఏం రాసినవ్, చూపియ్యి."

ఆపా బటన్ నొక్కింది. పలక నల్లగా అయిపోయింది.

వెళ్ళిపోబోతే కూతురు ఊరుకోలేదు, వసారాలో కుర్చీ వేసింది. లోపల ఆడవాళ్ళు మొదలుపెట్టారు. చెల్లెలి ఢోలక్, ఆపా చెంచా. తెర అవతల నుంచి అంతా వినబడుతోంది. నాకు పల్చగా అనిపించిన ఆ ఢోలక్ ఇల్లంతా నిండిపోయింది. ఒక పాట నడుస్తూ నడుస్తూ పెళ్ళిపిల్ల పేరు ఇరికించాల్సిన చోటికి వచ్చింది. అందరూ ఆగారు. ఆ చోట ఎప్పుడూ అందుకునేది ఆపాయే కదా, అలవాటుగా ఆమె కోసం ఆగారు. చెంచా ఒక్కటే నాలుగుసార్లు టకటకమని కొట్టుకుంది, తర్వాత అదీ ఆగింది. ఎవరో పెద్దామె తడబడుతూ పేరు అందుకుంది, తాళం తప్పింది, అందరూ గట్టిగా నవ్వేశారు. నాకు తెలిసి ఆ ఇంట్లో అంత భయంకరమైన చప్పుడు ఇంకోటి లేదు.

పోయేముందు కూతురు అడిగింది. "అంకుల్, అమ్మీ పాటలు నెట్ల కనిపిస్తలేవేంది? దోస్తులు అడుగుతున్నరు."

"వస్తయి బేటా," అన్నాను. ఇప్పటికీ ఫోను చేస్తే అదే చెబుతున్నాను. నా దగ్గర మాస్టరు ఉంది. అందులోంచి దరువును వేరు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయని ప్రయత్నించాను. ఆమె గొంతు బిందెలో మునిగి పాడినట్టు వచ్చింది. అది ఎవరికీ వినిపించలేదు. ఆ ఎనిమిదిలో ఒక పాట నెట్‌లో ఎక్కడో ఒకచోట ఇంకా మిగిలి ఉంది, దాని కింద హక్కుదారు పేరు ఇంకెవరిదో ఉంది.

ఆ నెలలోనే గది ఖాళీ చేశాను. గోడ మీది రాతకు సున్నం వేయించాను. పరుపుల దుకాణమాయన అడిగితే చెవులు సరిగ్గా వినబడటం లేదని చెప్పాను. దాన్నే రిటైర్మెంటు అంటున్నాను. మీకు నేను చెప్పగలిగింది ఒకటే. పచ్చిది దాచుకోండి. తెగిన గొంతు, చెంచా చప్పుడు, పైన పోయే విమానం, అన్నీ దాచుకోండి. అడిగినవాళ్ళకు అడిగినప్పుడే ఇచ్చేయండి. చెబితే ఇంత చిన్న మాట.

ఆ తర్వాత చిన్నపిల్లల ఉర్దూ వాచకం కొనుక్కుని కూర్చున్నాను. అలిఫ్, బే, పే. ఎనిమిది నెలలు పట్టింది. బస్సు కిటికీలోంచి ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదివాను. చదవగలనన్న ధైర్యం వచ్చాక వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు అత్తవారింట్లో ఉంది. ఆపా ఒక్కతే ఉంది, బాగా చిక్కిపోయింది. నా సంచిలోంచి వాచకం తీసి చూపించాను.

"నేర్సుకున్న ఆపా. ఆ దినం ఏం రాసినవో మళ్ళ ఒక్కసారి రాయి. తిట్టినా సరే. సదువుకుంట."

ఆమె వాచకం అందుకుని పేజీలు తిప్పింది. నేను పెన్సిలుతో దిద్దిన అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత పలక ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా, చంటిపిల్లలకు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో ఒక్క మాట రాసి నా వైపు తిప్పింది. చే. అలిఫ్. ఆఖర్న పెద్ద యే. పెదవులు కదుపుతూ కలిపి చదివాను.

చాయ్, అని అడిగింది.

తాగుతానన్నాను. ఆమె బటన్ నొక్కి లేచింది.